లూపస్ అని తేలాక ఏం చెయ్యాలి: రాయగడ, పర్లాకిమిడి, బరంపురం వైపు వాళ్ళ కోసం మందులు, టెస్టులు, తిరుగుళ్ళ గైడ్

లూపస్ అంటే ఒంటిని కాపాడాల్సిన ఇమ్యూనిటీ దారి తప్పి సొంత ఒంటినే కొట్టే జబ్బు. మన వైపు లూపస్ పేషెంట్ల కథ దాదాపు ఒకేలా నడుస్తుంది. ముందు కీళ్ళ నొప్పులు, దానికి ఊళ్ళో ఒక సూది. తర్వాత ముక్కు మీంచి రెండు బుగ్గల మీదకి ఎరుపు, దాన్ని మంగు అనుకుని మెడికల్ షాపులో అడిగి ఒక క్రీము. జుట్టు ఊడుతుంటే నీళ్ళు పడలేదంటారు, జ్వరం విడవకపోతే మలేరియా అంటారు (మన జిల్లాల్లో ఆ అనుమానం తప్పేం కాదు కూడా). ఏడాది గడిచి కాళ్ళు వాచాక వైజాగో బరంపురమో పెద్దాసుపత్రికి తీసుకెళ్తే అప్పుడు ఏఎన్ఏ అనే రక్తపరీక్ష చేసి ఎస్ఎల్ఈ (లూపస్‌కి డాక్టర్లు రాసే పేరు) అని రాస్తారు. మా వదినకీ అలాగే తెలిసింది, ఆవిడ ఫైలు పట్టుకుని ఆసుపత్రుల చుట్టూ తిరిగేది నేనే. నేను డాక్టర్ని కాదు, డోసు మార్చడం ఆపడం మీ డాక్టర్ పని, కానీ ఏ మందు ఎందుకు ఇస్తున్నారో తెలిస్తే ఇంట్లో చెయ్యాల్సింది మనం సరిగ్గా చెయ్యగలం. అసలు విషయం ముందే చెప్పేస్తాను: లూపస్‌కి మందులున్నాయి, బాగానే పనిచేస్తాయి, మనుషులు పాడయ్యేది ఎక్కువగా రెండు చోట్ల, బాగుంది కదా అని మందు ఆపినప్పుడు, ఒంట్లో ఏ నొప్పీ లేదు కదా అని యూరిన్ టెస్టు మానేసినప్పుడు.

స్టెప్ 1: లూపస్సేనా, ఏ భాగాన్ని పట్టింది అన్నది రాయించుకోండి

ఏఎన్ఏ పాజిటివ్ వస్తే లూపస్ వచ్చేసినట్టు కాదు. ఏ జబ్బూ లేని వాళ్ళలో కూడా అది పాజిటివ్ రావచ్చు. లక్షణాలు, దాంతోపాటు యాంటీ డీఎస్‌డీఎన్‌ఏ, యాంటీ స్మిత్, సీ3, సీ4 అనే రక్తపరీక్షలు, రక్తకణాల లెక్క, యూరిన్ ఇవన్నీ కలిపి చూస్తారు. యాంటీ ఫాస్ఫోలిపిడ్ టెస్టులు కూడా ఒకసారి చేయించుకోవాలి, రక్తం గడ్డలు కట్టే గుణం ఉందా, ఆడవాళ్ళకి గర్భం నిలవకపోయే రిస్కు ఉందా అన్నది వాటితో తెలుస్తుంది.

డాక్టర్ని అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: "సార్, ఇప్పుడు ఏ ఆర్గన్ మీద ఉంది?" చర్మం, కీళ్ళ వరకే ఉన్న లూపస్ వైద్యం వేరు, కిడ్నీ, మెదడు, రక్తకణాల మీద పడిన లూపస్ వైద్యం వేరు. పక్కింటావిడ ఏ మందు వాడి బాగుపడిందో అన్నది అందుకే మనకి పనికిరాదు.

స్టెప్ 2: ఒక రుమటాలజిస్టుని పట్టుకోండి, దగ్గర్లో ఒక మెడిసిన్ డాక్టర్ని పెట్టుకోండి

రుమటాలజిస్టు అంటే కీళ్ళ జబ్బులు, లూపస్ లాంటి ఇమ్యూనిటీ జబ్బులు చూసే డాక్టర్. ఇద్దరూ కావాలి. కటక్ ఎస్‌సీబీ మెడికల్ కాలేజీలో రుమటాలజీ డిపార్ట్‌మెంట్ ఉంది, హైదరాబాద్ నిమ్స్‌లో ఉంది, వైజాగ్‌లో ప్రైవేటుగా రుమటాలజిస్టులు ఉన్నారు. రాయగడ వాళ్ళకీ, కోరాపుట్, జయపురం వాళ్ళకీ రైలు ఉంది కాబట్టి వైజాగ్ నయం, గుణుపురం, పర్లాకిమిడి వాళ్ళు నౌపడ మీదుగా అటే వెళ్తారు, బరంపురం వాళ్ళు కటక్, వైజాగ్ రెండిట్లో ఏదైనా. భాష కూడా చూసుకోండి, ఒంట్లో బాధ చెప్పుకునేటప్పుడు తెలుగులో చెప్పుకోగలిగితే సగం పని సులువు. కానీ రాత్రి పదకొండింటికి జ్వరం 103 వస్తే వైజాగ్ పనికిరాదు, అప్పుడు బరంపురం ఎంకేసీజీ మెడికల్ కాలేజీయో కోరాపుట్ మెడికల్ కాలేజీయో మీ జిల్లా ఆసుపత్రో దిక్కు. అక్కడి డాక్టర్‌కి బాగున్న రోజుల్లోనే ఒకసారి వెళ్ళి ఫైలు చూపించి రండి.

కార్డుల సంగతి. ఒడిశాలో 2025 ఏప్రిల్ నుంచి ఆయుష్మాన్ భారత్, గోపబంధు జన ఆరోగ్య యోజన కలిపి నడుస్తున్నాయి, ఆయుష్మాన్ కార్డు వేరే రాష్ట్రంలో లిస్టులో ఉన్న ఆసుపత్రుల్లో కూడా చెల్లుతుంది. ఆంధ్ర వాళ్ళ ఆరోగ్యశ్రీ (ఇప్పుడు ఎన్టీఆర్ వైద్యసేవ) ఆంధ్రలో ఉండే అర్హులకే, మనం తెలుగు మాట్లాడతాం అని ఇవ్వరు. ఏ కార్డైనా ఎక్కువగా అడ్మిషన్‌కే పనికొస్తుంది, నెలనెలా వేసుకునే మాత్రలు మన జేబులోంచే. అందుకని జన ఔషధి షాపులో జెనెరిక్ ఉందేమో అడగండి, రేటులో చాలా తేడా ఉంటుంది. ఒడిశా గవర్నమెంట్ ఆసుపత్రుల్లో ఉచితంగా మందులిచ్చే నిరామయ కౌంటర్‌లో కూడా చీటీ చూపించి అడగండి.

స్టెప్ 3: హైడ్రాక్సీక్లోరోక్విన్, ఇది పునాది మందు

హెచ్‌సీక్యూఎస్ లాంటి పేర్లతో దొరికే మాత్ర. వాడకూడని కారణం ఏదో ఉంటే తప్ప లూపస్ ఉన్న ప్రతి ఒక్కరికీ ఇది ఇస్తారు. డోసు బరువుని బట్టి, రోజుకి కిలోకి 5 మిల్లీగ్రాముల లెక్క. 40 కిలోల మనిషికి 200, 60 కిలోల మనిషికి 300. మన వైపు ఆడవాళ్ళు చాలామంది 45 లోపే ఉంటారు, వాళ్ళకి రోజూ 400 రాసి ఉంటే ఒకసారి మర్యాదగా అడగండి, "సార్ బరువు చూసి రాశారా" అని.

ఇది నెమ్మదిగా పనిచేస్తుంది, రెండు మూడు నెలలకి గానీ తేడా కనబడదు, పూర్తి ఫలితానికి ఆరు నెలలు కూడా పట్టొచ్చు. నెల రోజులు వేసుకుని ఏం లేదు అని ఆపేస్తారు చూడండి, అక్కడే దెబ్బ. జబ్బు తిరగబెట్టడం తగ్గిస్తుంది, కిడ్నీని కాపాడటానికి సాయపడుతుంది. కడుపులో తిప్పితే తిన్నాక వేసుకోండి, గ్యాస్ మందుకీ దీనికీ నాలుగు గంటలు ఎడం పెట్టండి.

కళ్ళు పోతాయి అని అందరూ భయపెడతారు. ఏళ్ళ తరబడి వాడితే రెటీనా మీద ప్రభావం పడే అవకాశం ఉంది, నిజమే. డోసు సరిగ్గా ఉంటే ఆ రిస్కు తక్కువ, ముందే పట్టుకునే టెస్టులూ ఉన్నాయి. మొదటి ఏడాదిలో ఒకసారి కంటి డాక్టర్‌కి చూపించాలి, ఐదేళ్ళు దాటాక ఏటా ఓసీటీ (రెటీనా స్కాన్), విజువల్ ఫీల్డ్ (చుట్టూ ఎంతవరకు కనబడుతుందో చూసే టెస్టు) చేయించాలి, కిడ్నీ సరిగ్గా పనిచెయ్యని వాళ్ళకి ఏటా చెయ్యడం ఇంకా ముందే మొదలవ్వాలి. కళ్ళజోడు షాపులో నంబరు చూపించుకోవడం ఈ టెస్టు కిందకి రాదు.

ఇంకో మాట, ఇది పాత మలేరియా మందు కాబట్టి నాకు మలేరియా రాదులే అనుకునేవాళ్ళున్నారు. మన కొండ జిల్లాల్లో ఎక్కువగా వచ్చే ఫాల్సిపారం మలేరియా ఈ మందులకి లొంగడం ఎప్పుడో మానేసింది. దోమతెర కట్టుకోండి. 2020లో కొవిడ్‌కి ఇదే మందని జనం ఎగబడి కొన్నప్పుడు లూపస్ వాళ్ళకి షాపుల్లో దొరక్క అల్లాడారు, అప్పట్నుంచీ మా ఇంట్లో ఒక నెల స్టాకు ఎప్పుడూ ఎక్కువే ఉంటుంది.

స్టెప్ 4: స్టెరాయిడ్, దేవుడూ అదే దెయ్యమూ అదే

వైసొలోన్ పేరుతో చాలామందికి తెలిసిన ప్రెడ్నిసలోన్. ఇది త్వరగా పనిచేస్తుంది, అందుకే మొదట్లో ఇస్తారు. కిడ్నీ, మెదడు లాంటి చోట్ల గట్టిగా ఉంటే ఆసుపత్రిలో పెట్టి ఒకటి నుంచి మూడు రోజులు మిథైల్ ప్రెడ్నిసలోన్ సెలైన్‌లో ఎక్కించి, తర్వాత మాత్రల్లోకి దించుతారు. ఇప్పుడు డాక్టర్ల పద్ధతి మారింది, యూరప్ రుమటాలజీ సంఘం 2023లో ఇచ్చిన సూచనల ప్రకారం రోజూ వాడే డోసు 5 మిల్లీగ్రాములకి గానీ అంతకన్నా తక్కువకి గానీ తేవాలి, వీలైతే పూర్తిగా ఆపాలి. మీరు ఏడాదిగా 20 దగ్గరే ఆగిపోయారంటే "తగ్గించడానికి ప్లాన్ ఏటి" అని అడగాల్సిన టైం అయింది.

తగ్గించడం డాక్టర్ చెప్పిన మెట్ల ప్రకారమే. నెలల తరబడి మాత్ర తిన్నాక ఒంట్లో సొంతంగా తయారయ్యే స్టెరాయిడ్ పడుకుండిపోతుంది, ఒక్కసారిగా ఆపితే బీపీ పడిపోయి వాంతులు, నీరసం, ప్రాణం మీదకి కూడా రావచ్చు. వాంతులై మాత్ర నిలవకపోతే రేపు చూద్దాం అనుకోకుండా ఆసుపత్రికి వెళ్ళి స్టెరాయిడ్ వాడుతున్నాను అని చెప్పండి, ఇంజెక్షన్ రూపంలో ఇస్తారు.

పొద్దున టిఫిన్ తిన్న వెంటనే వేసుకోవాలి, రాత్రి వేసుకుంటే నిద్ర పట్టదు. ముఖం ఉబ్బడం, ఆకలి, మొటిమలు డోసు తగ్గేకొద్దీ తగ్గుతాయి. వాటికన్నా షుగరు, బీపీ, ఎముకలు, కంట్లో శుక్లం గురించి ఎక్కువ పట్టించుకోండి. కాల్షియం, విటమిన్ డి రాస్తారు, మన వాళ్ళు ముందుగా ఆపేసేవి అవే. చద్దన్నంలో ఎండుచేప, ఆవకాయ మానలేం అంటారు గానీ బీపీ ఉండి కాళ్ళు వాస్తున్నప్పుడు ఆ ఉప్పు తగ్గించక తప్పదు. గజ్జల్లో నొప్పి వచ్చి నడక కుంటుతుంటే తుంటి ఎముకకి రక్తం అందట్లేదేమో చూడాలి, మొదట్లో ఎక్స్‌రేలో కనబడదు, ఎంఆర్ఐ కావాలి.

ఊళ్ళో వేసే ఒంటినొప్పుల సూదిలో చాలాసార్లు ఉండేది కూడా స్టెరాయిడే, డెక్సామెథసోన్. అందుకే ఆ రోజు నొప్పి మాయమవుతుంది, వారానికి మళ్ళీ వస్తుంది. మాత్రల్లో ఒక స్టెరాయిడ్, సూదిలో ఇంకోటి, ఎంత పడుతుందో ఎవరికీ లెక్క ఉండదు. డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు కిడ్నీ లూపస్ ఉన్నవాళ్ళు సొంతంగా అస్సలు వేసుకోకూడదు, పారాసిటమాల్ వరకు సరే.

స్టెప్ 5: స్టెరాయిడ్ తగ్గాలంటే వేరే మందు తోడు కావాలి

మెథోట్రెక్సేట్ కీళ్ళు, చర్మానికి. వారానికి ఒక్కసారే, మళ్ళీ చెప్తున్నా వారానికి ఒక్కసారే. రోజూ వేసుకుని రక్తకణాలు పడిపోయి ప్రాణం మీదకి తెచ్చుకున్నవాళ్ళున్నారు. మా వీధిలో ఒకావిడకి చీటీ మీద ఇంగ్లీషులో వారానికి అని రాసుంది, ఇంట్లో చదివేవాళ్ళు లేరు, నేను డబ్బా మీద స్కెచ్ పెన్నుతో పెద్దగా "గురువారం" అని తెలుగులో రాసిచ్చా. ఫోలిక్ యాసిడ్ కూడా ఇస్తారు, అది వేరే రోజు వేసుకోమంటారు, రెండు డబ్బాలు కలిపెయ్యకండి.

అజాథయోప్రిన్ తర్వాతది. కొందరి ఒంటి తీరుకి ఇది అసలు పడదు, తెల్లకణాలు గబుక్కున పడిపోతాయి, మన దేశంలో అలాంటి జన్యువు ఉన్నవాళ్ళు తక్కువేం లేరు. కాబట్టి మొదటి నెలా రెండు నెలలు రక్తపరీక్ష ఎన్నిసార్లు చెప్తే అన్నిసార్లు చేయించండి. యూరిక్ యాసిడ్‌కి వాడే అలోప్యూరినాల్, ఫెబుక్సోస్టాట్ దీంతో కలిస్తే ప్రమాదం, వేరే డాక్టర్ దగ్గరికి వెళ్ళినప్పుడు ఈ మందు వాడుతున్నట్టు ముందే చెప్పాలి.

మైకోఫెనోలేట్ ఎక్కువగా కిడ్నీకి. మొదట్లో విరేచనాలు అవుతాయి, డోసు మెల్లగా పెంచితే చాలామందికి సర్దుకుంటుంది.

స్టెప్ 6: కిడ్నీ, ఇక్కడ అశ్రద్ధ చేస్తే మిగతావన్నీ వేస్టు

లూపస్ కిడ్నీని పట్టినప్పుడు నొప్పి ఉండదు. పొద్దున యూరిన్‌లో నురగ పోకుండా నిలవడం, కళ్ళ కింద ఉబ్బు, సాయంత్రానికి మెట్టెలు బిగుతవ్వడం, ఇంతే. చాలామందికి అవీ ఉండవు, టెస్టులోనే తెలుస్తుంది. యూరిన్ రొటీన్, యూరిన్‌లో ప్రోటీన్ ఎంత పోతుందో చెప్పే ప్రోటీన్ క్రియాటినిన్ రేషియో, కిడ్నీ ఎలా పనిచేస్తుందో చెప్పే రక్తంలో క్రియాటినిన్, ఈ మూడూ మూణ్ణెల్లకి ఒకసారైనా, కిడ్నీలో ఉందని తేలిన వాళ్ళకి ఇంకా తరచుగా. ఆ రేషియో 0.5 దాటితే డాక్టర్లు బయాప్సీ మాట ఎత్తుతారు. కొన్ని ల్యాబుల్లో అదే అంకె 500 అని వస్తుంది, యూనిట్ తేడా అంతే, 0.5 అన్నా గ్రాముకి 500 మిల్లీగ్రాములన్నా ఒకటే. పోయినసారి 0.8 ఉన్నది ఈసారి 600 అయిపోయిందని హడలిపోకండి, అది తగ్గినట్టు.

క్రియాటినిన్ 1.1 అని రిపోర్టులో నార్మల్ లోపల కనబడినా 42 కిలోల ఆడమనిషికి అది నార్మల్ కాకపోవచ్చు, ముందటి రిపోర్టుతో పోల్చమని అడగండి.

ఇంట్లో చూసుకోవడానికి యూరిన్ స్ట్రిప్పులు మెడికల్ షాపులో దొరుకుతాయి. వదిన ఎలా చేస్తుందంటే, పొద్దున మొదటి యూరిన్‌లో స్ట్రిప్పు ముంచి తీసి, అంచు గిన్నెకి తట్టి, అడ్డంగా పట్టుకుని వాచీలో నిమిషం చూసి డబ్బా మీది రంగుల పక్కన పెడుతుంది. ప్రోటీన్ గడి పసుపుగానే ఉంటే సరే, ఆకుపచ్చకి తిరిగితే క్యాలెండర్ మీద ఆ తేదీ దగ్గర ప్లస్సులు రాస్తుంది. రెండు మూడు రోజులు వరసగా ప్లస్సులొస్తే ల్యాబుకి. నెలసరి రోజుల్లో చూడకూడదు, తప్పుగా చూపిస్తుంది.

బయాప్సీ అంటే మన వాళ్ళకి క్యాన్సరే గుర్తొస్తుంది. ఇది అది కాదు. వెనక నుంచి సన్నటి సూదితో కిడ్నీలోంచి చిన్న ముక్క తీసి ఏ క్లాసు లూపస్ అన్నది చూస్తారు, 3, 4, 5 క్లాసులకి గట్టి మందులు కావాలి. రక్తం కారే రిస్కు కొంచెం ఉంటుంది కాబట్టి ఆస్పిరిన్ లాంటివి వాడుతుంటే ముందే చెప్పాలి, ఒక రోజు ఆసుపత్రిలో పడుకోబెడతారు.

వైద్యం ఏటంటే, మొదట స్టెరాయిడ్, దాంతో మైకోఫెనోలేట్ గానీ సైక్లోఫాస్ఫమైడ్ గానీ. సైక్లోఫాస్ఫమైడ్ ఇప్పుడు చాలామందికి తక్కువ డోసులో రెండు వారాలకి ఒకసారి 500 మిల్లీగ్రాములు చొప్పున ఆరుసార్లు ఎక్కిస్తారు, పాత పద్ధతిలో ఎక్కువ డోసులు ఇచ్చినప్పుడు అండాలు దెబ్బతినే భయం ఎక్కువ ఉండేది. మైకోఫెనోలేట్ మాత్రలు కాబట్టి దూరం నుంచి తిరిగేవాళ్ళకి వీలు. ప్రోటీన్ ఎక్కువ పోతుంటే టాక్రోలిమస్ లాంటిది, లేదా బెలిముమాబ్ కలుపుతారు. రామిప్రిల్, టెల్మిసార్టన్ లాంటివి రాస్తే బీపీకి మాత్రమే అనుకోవద్దు, అవి ప్రోటీన్ పోవడం కూడా తగ్గిస్తాయి. యూరిన్ బాగయ్యాక కూడా కనీసం మూడేళ్ళు మందు నడవాలి. ఆరు నెలలకి నురగ పోయి, వాపు పోయి, ముఖం కళగా అవుతుంది, సరిగ్గా అప్పుడే ఇంట్లో ఎవరో ఒకరు "ఇంకా ఎందుకమ్మా ఇన్ని మాత్రలు" అంటారు. వాళ్ళకి ఈ పేరా చదివి వినిపించండి.

స్టెప్ 7: ఖరీదైన మందులు

పై మందులకి లొంగకపోతే రిటుక్సిమాబ్ మాట వస్తుంది. దీని బయోసిమిలర్‌ని (అసలు మందుకి దాదాపు సమానంగా వేరే కంపెనీ చేసేది) మన హైదరాబాద్ డాక్టర్ రెడ్డీస్ 2007లోనే తెచ్చింది, అందుకని ఇలాంటి మిగతా బయోలాజిక్స్ (జీవకణాలతో తయారుచేసే మందులు) కన్నా మనకి అందుబాటులో ఉంది. ఎక్కించే ముందు హెపటైటిస్ బీ టెస్టు తప్పనిసరి. బెలిముమాబ్‌కి అమెరికాలో 2011లో, అనిఫ్రోలుమాబ్‌కి 2021లో పర్మిషన్ వచ్చింది, మంచి మందులే, రేటే గుండె ఆగేలా ఉంటుంది. జర్మనీలో పేషెంటు సొంత తెల్లకణాలనే మార్చి మళ్ళీ ఎక్కించే కార్ టీ సెల్ పద్ధతిలో ఐదుగురు పేషెంట్లకి జబ్బు అణిగిందని 2022లో రిపోర్టు వచ్చింది, ఇంకా పరిశోధనలోనే ఉంది, ఆ పేరు చెప్పి ఎవరైనా డబ్బు అడిగితే ఇవ్వకండి.

ఇక కషాయాలు. తిప్పతీగ ఇమ్యూనిటీ పెంచుతుందని కొవిడ్ టైంలో అందరూ తాగారు, దాని తర్వాత లివర్ దెబ్బతిన్న కేసులు ముంబై డాక్టర్లు రిపోర్టు చేశారు. లూపస్‌లో ఇమ్యూనిటీ ఇప్పటికే దారి తప్పి సొంత ఒంటినే కొడుతుంది, దాన్ని ఇంకా రెచ్చగొట్టేవి మనకెందుకు.

స్టెప్ 8: ఎండ, జ్వరం, ఇన్ఫెక్షన్లు

ఎండ ముఖాన్ని మాత్రమే కాదు లోపలి జబ్బుని కూడా లేపుతుంది. ఎస్‌పీఎఫ్ 30కి తక్కువ కాని సన్‌స్క్రీన్, ఫుల్ హ్యాండ్స్, గొడుగు. వరికోతలకీ జీడితోటలకీ వెళ్ళేవాళ్ళని ఎండలోకి పోవద్దు అనడం తేలిక, కూలి ఎవరిస్తారు, కనీసం పదింటికి ముందు, నాలుగింటి తర్వాత చేసే పనులు అడిగి తీసుకోండి. బస్సు కిటికీ అద్దంలోంచి కూడా కొంత వస్తుంది.

జ్వరం వస్తే లూపస్ లేచిందని సొంతంగా స్టెరాయిడ్ పెంచుకోకూడదు. ముందు మలేరియా టెస్టు, డెంగీ, యూరిన్, ఛాతీ ఎక్స్‌రే. ఈఎస్ఆర్, సీఆర్‌పీ అని ఒంట్లో వాపుని చూపించే రెండు రక్తపరీక్షలున్నాయి, లూపస్ లేచినప్పుడు సాధారణంగా ఈఎస్ఆర్ పెరుగుతుంది గానీ సీఆర్‌పీ అంతగా పెరగదు, సీఆర్‌పీ బాగా ఎక్కువుంటే డాక్టర్లు ఇన్ఫెక్షన్ వెతుకుతారు. దగ్గు రెండు వారాలు దాటితే టీబీకి కఫం టెస్టు. సెప్ట్రాన్ లాంటి సల్ఫా మందులతో కొందరికి లూపస్ లేస్తుంది, రాసేవాళ్ళకి ముందే చెప్పండి. పొలంలో చెప్పుల్లేకుండా నడిచేవాళ్ళకి స్ట్రాంగిలాయిడిస్ అనే పురుగు ఒంట్లో ఉండిపోవచ్చు, ఎక్కువ డోసు స్టెరాయిడ్ పడితే అది ఒళ్ళంతా పాకుతుంది, కాబట్టి గట్టి మందులు మొదలుపెట్టే ముందు ఆ సంగతి అడగండి. ఫ్లూ, న్యుమోనియా టీకాలు వేసుకోవచ్చు, లైవ్ టీకాలు (బలం తగ్గించిన బతికున్న క్రిములతో చేసినవి) మాత్రం డాక్టర్‌ని అడక్కుండా వద్దు.

స్టెప్ 9: పిల్లలు

లూపస్ ఉంటే పిల్లలు పుట్టరన్నది అబద్ధం. జబ్బు కనీసం ఆరు నెలలు అణిగి ఉండాలి, ప్లాన్ ముందే చెప్పాలి. మైకోఫెనోలేట్ కనీసం ఆరు వారాల ముందు ఆపి అజాథయోప్రిన్‌కి మారుస్తారు, మెథోట్రెక్సేట్, సైక్లోఫాస్ఫమైడ్ కూడా ముందే ఆపాలి, రామిప్రిల్ లాంటివి కూడా మారుస్తారు. హైడ్రాక్సీక్లోరోక్విన్ మాత్రం ఆపకూడదు, కడుపులో బిడ్డకి వేడి చేస్తుందని అత్తగారు ఆపించేస్తే తల్లికి జబ్బు లేస్తుంది, బిడ్డకీ నష్టమే. చిన్న డోసు ఆస్పిరిన్ ఇస్తారు, యాంటీ ఫాస్ఫోలిపిడ్ ఉన్నవాళ్ళలో చాలామందికి రక్తం గడ్డకట్టకుండా హెపారిన్ సూదులు కూడా. యాంటీ రో అనే రక్తపరీక్ష పాజిటివ్ ఉంటే బిడ్డ గుండె స్కాన్ అదనంగా చేయించాలి. పిల్లలు ఇప్పుడే వద్దనుకుంటే ఏ పద్ధతి వాడాలో కూడా అడిగే వాడండి, ఈస్ట్రోజెన్ ఉన్న పిల్స్ అందరికీ పనికిరావు.

స్టెప్ 10: ఫైలు, స్టాకు, పరుగెత్తాల్సిన టైం

ఫైలులో మొదటి పేజీ మీద జబ్బు పేరు, ఏ ఆర్గన్, బయాప్సీ క్లాసు, ఇప్పటి మందులు డోసులతో, పడని మందులు, ఇద్దరు డాక్టర్ల నంబర్లు. ఒడియా డాక్టరైనా తెలుగు డాక్టరైనా చదువుకునేలా ఆ పేజీ ఇంగ్లీషులో ఉంచి, ఇంట్లో వాళ్ళ కోసం తెలుగులో ఒక కాపీ. ప్రతి రిపోర్టూ ఫోన్‌లో ఫోటో. రథయాత్రకీ దసరాకీ రైళ్ళు నిండిపోతాయి, వానాకాలం ఘాట్‌లో దారి మూసుకుపోతుంది, మందులు అయిపోయే రోజు చూసుకుని పదిహేను రోజుల ముందే తెప్పించుకోండి.

ఇవి వస్తే అపాయింట్‌మెంట్ కోసం ఆగొద్దు: ఆయాసం, ఛాతీ నొప్పి, ఫిట్స్, మాట తడబడటం, ఉన్నట్టుండి మనిషి అయోమయంగా అయిపోవడం, ఒక కాలు మాత్రమే వాచి నొప్పెట్టడం, యూరిన్ బాగా తగ్గిపోవడం, ఇమ్యూనిటీ తగ్గించే మందుల మీద ఉండగా 100.4 దాటిన జ్వరం. ఏ మెడికల్ కాలేజీ దగ్గరైతే అక్కడికే, ఫైలు చేతిలో పెట్టుకుని. వైజాగ్ డాక్టర్‌కి ఫోన్ దారిలో చేసుకోవచ్చు.